సొంత గేర్ కొనాలనుకుంటున్నాను, కానీ నీళ్లలో ఒకచోట నిలవలేకపోతున్నాను: ముందు ఏది సరిచేసుకోవాలి?

అల్చిప్ప

అందరికీ నమస్కారం. స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు అయిపోయింది. ఇప్పటిదాకా డైవ్‌లన్నీ అద్దె సామానుతోనే. ఇక ఒక్కొక్కటిగా సొంతంగా కొనుక్కుందామని ఉంది.

నా వివరాలు: ఎత్తు 172 సెం.మీ., బరువు 74 కిలోలు. 3 మి.మీ. ఫుల్ వెట్‌సూట్, జాకెట్ రకం బీసీడీ (గాలి నింపి, వదిలి తేలుడు సర్దుకునేది), 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్, ఎప్పుడూ ఉప్పునీళ్లే. మునగడానికి సీసం 9 కిలోలు ఇస్తారు, మొత్తం నడుము బెల్టుకే.

డైవ్ మొదట్లో ఎంతకీ కిందికి దిగను. దిగాక మాత్రం అడుక్కి జారిపోతుంటాను. బీసీడీలోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ నొక్కడం, మళ్లీ గాలి వదలడం, ఇదే పని. చివర్లో 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లో నిలవలేక పైకి లేచిపోతాను. దానికి తోడు కాళ్లు కిందికి వేలాడి ఫిన్స్ ఇసుకను రేపుతుంటాయి. నాతో దిగినవాళ్లందరి కంటే నా గాలి ముందు అయిపోతుంది.

జాకెట్ మానేసి బ్యాక్‌ప్లేట్ (వీపు మీది గట్టి పలక), వింగ్ (దాని వెనక గాలి సంచి) తీసుకుంటే ఇవన్నీ సర్దుకుంటాయని కొందరంటున్నారు. నిజమేనా? ఏ వస్తువు ముందు కొనాలి? రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), మాస్క్, ఫిన్స్ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

తాబేలు

మీరు రాసినవన్నీ వేర్వేరు ఇబ్బందుల్లా కనిపిస్తున్నా, చాలావరకు ఒకే చోట మొదలవుతున్నాయి: సీసం ఎక్కువైంది. మీ బరువుకి, 3 మి.మీ. సూట్‌కి 9 కిలోలంటే చాలామంది విషయంలో ఎక్కువే. ఎంత ఎక్కువన్నది మాత్రం చూసి చెప్పేది కాదు. ఒంటి తీరు, సూట్ పాతదా కొత్తదా, బీసీడీలో మెత్తలెన్ని, వీటిని బట్టి మారుతుంది. నీళ్లలో కొలుచుకోవాల్సిందే.

ముందు ఎక్కువ సీసం ఏం చేస్తుందో చూడండి. 3 కిలోలు అదనంగా ఉన్నాయనుకుందాం. వాటిని మోయడానికి బీసీడీలో దాదాపు 3 లీటర్ల గాలి అదనంగా పట్టాలి. 20 మీటర్ల లోతులో ఒత్తిడి 3 బార్. అక్కడ నింపిన ఆ 3 లీటర్లు, మీరు 10 మీటర్లకి వచ్చేసరికి 4.5 లీటర్లవుతాయి. 5 మీటర్ల దగ్గర 6 లీటర్లు. అంటే సేఫ్టీ స్టాప్‌కి చేరేసరికి, మధ్యలో వదలకపోతే, 3 కిలోల బలం మిమ్మల్ని పైకి నెడుతుంటుంది. సరైన సీసంతో దిగినవాళ్ల బీసీడీలో అక్కడ దాదాపు గాలే ఉండదు, కాబట్టి వ్యాకోచించడానికి కూడా ఏమీ ఉండదు. అడుగున మీరు అస్తమానం బటన్లు నొక్కుతుండటానికి కూడా ఇదే కారణం. బుడగ ఎంత పెద్దదైతే అర మీటరు కిందికో మీదికో జరిగినప్పుడు దాని మార్పు కూడా అంత పెద్దది.

ఇప్పుడు కొలవడం. నిలబడితే కాళ్లు అందనంత లోతున్న చోట, గేరంతా వేసుకుని, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని చేయాలి. బడ్డీ (జతగా దిగే తోడు) పక్కనే ఉండాలి. బీసీడీని పూర్తిగా ఖాళీ చేయండి: ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని తలకంటే పైకెత్తి, ఎడమ భుజం కాస్త ఎత్తుగా ఉంచి వదలండి. వదిలాక రెండు మూడు సెకన్లు ఆగి మళ్లీ వదలండి, జాకెట్ వీపు వైపు ఇరుక్కున్న గాలి అప్పుడు వస్తుంది. చీలమండలు ఒకదాని మీద ఒకటి వేసుకోండి, లేకపోతే తెలియకుండానే ఫిన్స్ ఆడిస్తారు. మామూలు ఊపిరి ఒకటి తీసుకుని కదలకుండా ఆగండి. నీళ్లు కళ్ల దాకా రావాలి. ఊపిరి వదిలితే తల మెల్లగా మునగాలి. కళ్లు దాటి నీళ్లు నెత్తి మీదికి వచ్చేస్తే సీసం ఎక్కువ. ఊపిరంతా వదిలినా గడ్డం పైనే ఉంటే తక్కువ. కిలో చొప్పున మార్చి, దగ్గరికొచ్చాక అర కిలో చొప్పున మార్చండి. (ఊపిరి ఆపడం ఇక్కడ నీటి మట్టం దగ్గర కాబట్టి ఫర్వాలేదు. లోతు నుంచి పైకి వస్తూ ఊపిరి బిగబట్టడం ఎప్పుడూ వద్దు. ఒకటిన్నర మీటరు నుంచి కూడా ఊపిరితిత్తులు దెబ్బతినగలవు.)

ఇదంతా డైవ్ చివర్లో, సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు చేస్తే లెక్క సూటిగా వస్తుంది. నిండు సిలిండర్‌తో చేస్తే, వచ్చిన సంఖ్యకి 2 కిలోలు కలపండి. ఎందుకంటే గాలికీ బరువుంది: 11.1 లీటర్ల సిలిండర్ 200 బార్ నుంచి 50 బార్‌కి వచ్చేలోపు దాదాపు 1,665 లీటర్ల గాలి ఖర్చవుతుంది. లీటరుకి 1.2 గ్రాముల చొప్పున అది 2 కిలోలు. అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు కాస్త మునిగే వైపు ఉండి, ఖాళీ అయ్యేసరికి తేలే వైపు తిరిగేది ఇందుకే. డైవ్ మొదట్లో సరిపోయిందనిపించిన సీసం చివర్లో చాలకపోతే కారణం ఇదే.

అసలు పరీక్ష మాత్రం 5 మీటర్ల దగ్గరే. 50 బార్, బీసీడీ పూర్తిగా ఖాళీ, ఫిన్స్ కదలకుండా, మామూలు ఊపిరితో 3 నిమిషాలు ఆగగలిగితే మీ సీసం సరిగ్గా ఉన్నట్టు. ఒకేసారి నాలుగు కిలోలు తీసేయకండి. డైవ్‌కి కిలో చొప్పున తగ్గించి, ఒక అర కిలో దిమ్మ బడ్డీ దగ్గర అదనంగా ఉంచండి. తక్కువ సీసం కూడా ప్రమాదమే, చివర్లో గాలి తగ్గినప్పుడు స్టాప్‌లో నిలవలేక పైకి కొట్టుకుపోతారు.

ఇంకో విషయం. మంచినీళ్లలో కొలిచిన సంఖ్యని సముద్రానికి వాడకండి. ఉప్పునీళ్లు దాదాపు రెండున్నర శాతం చిక్కన. మీరు, మీ గేరు కలిపి 100 కిలోలైతే సముద్రంలో 2.5 కిలోలు ఎక్కువ పడుతుంది.

పగడం

తాబేలు గారి లెక్క సరైనదే. కానీ “దిగడం లేదు” అనేదానికి ఒక్క మాట కలపాలి, లేకపోతే సీసం తీసేసిన మొదటి డైవ్‌లోనే అల్చిప్ప గారు “నాకు చాలలేదు” అని తిరిగి పెట్టేసుకుంటారు.

మొదటి మూడు మీటర్లు అందరికీ కష్టమే. సూట్ అప్పుడు పూర్తి మందంతో ఉంటుంది. పొడి సూట్ మడతల్లో, బీసీడీ జేబుల్లో గాలి ఇరుక్కుని ఉంటుంది. దిగే కంగారులో ఊపిరి నిండా పీల్చి, సగమే వదులుతారు. ఊపిరితిత్తుల్లో ఒక లీటరు అదనంగా మిగిలితే అది కిలో సీసం తీసేసినట్టే. పైగా నిటారుగా ఉండి ఫిన్స్ ఆడిస్తే ఆ తోపు మిమ్మల్ని పైకే తోస్తుంది. సీసం చాలలేదని అనిపించేది ఈ నాలుగూ కలిసినప్పుడు.

కాబట్టి దిగే ముందే సూట్‌ని పూర్తిగా తడవనివ్వండి, మెడ దగ్గర లాగి నీళ్లు పోనివ్వండి. ఇన్‌ఫ్లేటర్ ఎత్తి గాలి వదులుతూ, నోటి గాలి కూడా మెల్లగా పూర్తిగా వదలండి. వదిలాక వెంటనే పీల్చకండి, మూడు సెకన్లు ఆగండి. ఒంటికి జడత్వం ఉంటుంది, ఊపిరి వదిలిన మరుక్షణం మునగరు. చాలామంది ఆ రెండు మూడు సెకన్లు ఓర్చుకోలేక మళ్లీ పీల్చేస్తారు. కాళ్లు కదలకూడదు. తల నీళ్ల కిందికి వెళ్లాక చిన్న ఊపిరి తీసుకుని మళ్లీ పొడవుగా వదలండి. చెవులు సర్దుకుంటూ రెండు మీటర్లు దాటారంటే ఇక సూట్ నలగడం మొదలై పని సులువవుతుంది. అప్పటి నుంచి మాత్రం జారిపోకుండా బీసీడీలో కొద్దికొద్దిగా గాలి కలుపుతూ దిగాలి, అడుగుకి చేరాక ఒకేసారి నింపడం కాదు.

ఇన్‌ఫ్లేటర్ నొక్కడంలో కూడా అలవాటు మార్చుకోండి. సెకను కంటే తక్కువసేపు ఒక్క నొక్కు. తర్వాత రెండు ఊపిర్లు చూడండి. చాలకపోతే ఇంకొకటి. నొక్కీ నొక్కగానే ఫలితం కోసం చూసి మళ్లీ నొక్కితే, మొదటి నొక్కు పనిచేసేసరికి రెండోది కూడా చేరి పైకి లేస్తారు. అప్పుడు వదులుతారు, పడిపోతారు.

గాలి వదలడం గురించి ఎవరూ సరిగా చెప్పరు. గాలి ఎప్పుడూ బీసీడీలో అన్నిటికంటే ఎత్తైన చోట ఉంటుంది. నిటారుగా ఉంటే ఇన్‌ఫ్లేటర్ ఎత్తాలి, లేదా కుడి భుజం మీది గాలి వదిలే తాడు లాగాలి. బోర్లా సమంగా ఉంటే నడుము వెనక ఉన్న డంప్ వాల్వ్ (గాలి బయటికి వదిలేది) తాడు లాగాలి, అదే సమయంలో ఆ వైపు నడుముని కొంచెం పైకెత్తాలి. బోర్లా ఉండి ఇన్‌ఫ్లేటర్ మీది గాలి వదిలే బటన్ ఎంత నొక్కినా గాలి రాకపోతే వాల్వ్ చెడిందని కాదు, గాలి అక్కడ లేదని అర్థం.

శంఖం

గేర్ సంగతి నేను చెబుతాను. వింగ్ కొంటే మీ సమస్యలు వాటంతట అవి తీరవు. 3 కిలోలు ఎక్కువ మోసే మనిషి జాకెట్‌లోనూ తిప్పలు పడతాడు, వింగ్‌లోనూ పడతాడు. కానీ సీసం సరిచేసుకున్నాక వింగ్ వైపు వెళ్లడానికి మంచి కారణాలున్నాయి. గాలి బుడగ వీపు మీద సిలిండర్‌కి రెండు వైపులా ఉంటుంది కాబట్టి బోర్లా సమంగా ఉండటం సులువు. మెత్తలు తక్కువ కాబట్టి వాటి తేలుడుని మునగదీయడానికి వేసే సీసం కూడా తగ్గుతుంది. పట్టీలు ఒంటికి తగ్గట్టు సర్దుకోవచ్చు, ఒక భాగం పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

దాని ఇబ్బంది నీటి మట్టం మీద తెలుస్తుంది. ఎక్కువ గాలి నింపితే ముఖం ముందుకి తోస్తుంది. గడ్డం నీళ్లపైన ఉండేంత మాత్రమే నింపి, కాస్త వెనక్కి వాలితే చాలు. పట్టీలను మొదటిసారి సర్దడానికి ఓపిక కావాలి. అది నచ్చనివాళ్లకి ఒంటికి సరిగ్గా పట్టే జాకెట్ ఏ మాత్రం తక్కువ కాదు.

జాకెట్ అయినా వింగ్ అయినా సూట్ వేసుకుని, సిలిండర్ తగిలించి చూసుకోవాలి. టీషర్ట్ మీద వేసి చూసి కొనకండి. పూర్తిగా నింపి, లోతుగా ఊపిరి తీసుకోండి. ఛాతీ బిగుసుకుంటే చిన్న సైజు. తర్వాత ఖాళీ చేసి, వెనకనున్న మనిషిని సిలిండర్ మెడ పట్టుకుని పైకి ఎత్తమనండి. భుజాల మీద నుంచి నాలుగు వేళ్ల కంటే ఎక్కువ లేస్తే పెద్ద సైజు. నీళ్లలో అది మీ వీపు మీద ఊగుతూనే ఉంటుంది. ఎడమ చేతితో వెనక డంప్ తాడు చూడకుండా దొరకాలి. ఇన్‌ఫ్లేటర్ గొట్టం అనవసరంగా పొడవుంటే ఛాతీ మీద వేలాడుతూ పగడాలకి తగులుతుంది. లిఫ్ట్ (నింపితే తేల్చే బలం) ఎంత కావాలంటారా: వెచ్చని నీళ్లు, 3 మి.మీ. సూట్, ఒక్క సిలిండర్ అయితే 12 నుంచి 15 కిలోలు చాలు. 20 దాటిన వింగ్ అయితే ఒక్క సిలిండర్ చుట్టూ ముడుచుకుని గాలి ఓ మూలన చిక్కుకుంటుంది.

కొనే క్రమం విషయంలో నా అభిప్రాయం గట్టిదే: ముందు మాస్క్, తర్వాత డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టేది), ఆ తర్వాత బూట్లు, ఫిన్స్, సూట్. రెగ్యులేటర్, బీసీడీ ఆఖర్న. ఒంటికి తగలాల్సినవి, ప్రాణానికి లెక్క చెప్పేవి ముందు. అద్దె బీసీడీలు రెండు మూడు రకాలు వాడి చూస్తే మీకు ఏది కుదురుతుందో మీకే తెలుస్తుంది. మొదటే కొన్న బీసీడీని రెండేళ్లు తిరక్కుండానే మార్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

మాస్క్: పట్టీ పెట్టకుండా ముఖానికి ఆనించి ముక్కుతో నెమ్మదిగా పీల్చండి. చెయ్యి తీసినా పడకుండా అంటుకుని ఉండాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. తర్వాత నోట్లో మౌత్‌పీస్ పెట్టుకుని అదే మళ్లీ చేయండి, ఎందుకంటే నోరు తెరిస్తే బుగ్గల ఆకారం మారి పై పెదవి దగ్గర సందు వస్తుంది. నీళ్లు కారేవి ఎక్కువగా అక్కడే. వెంట్రుకలు గానీ, హుడ్ అంచు గానీ సిలికాన్ కింద పడకూడదు. మీసం ఉంటే ముక్కు కింద ఒక వరస కత్తిరించుకోవడం లేదా కాస్త సిలికాన్ గ్రీజు రాయడం తప్ప వేరే మార్గం లేదు. కొత్త మాస్క్ అద్దం లోపల తయారీలో మిగిలిన పలచని పొర ఉంటుంది, ఎన్ని మందులు రాసినా ఆవిరి పట్టేది దాని వల్లే. తెల్ల టూత్‌పేస్టుతో లోపలి అద్దాన్ని వేలితో నాలుగైదుసార్లు రుద్ది కడగండి. అద్దం మీద ప్రత్యేక పూత ఉన్న మాస్క్‌కి మాత్రం ఇది చేయకండి.

ఫిన్స్: మీ కాళ్లు మునుగుతున్నాయి కదా, బరువైన రబ్బరు ఫిన్స్ జోలికి వెళ్లకండి. నీళ్లలో తేలకుండా, మునగకుండా ఉండేవి లేదా కాస్త తేలేవి తీసుకోండి. బూటు వేసుకున్నాకే కాలు పెట్టి చూడాలి. మడమ పట్టీ స్ప్రింగ్‌దైతే ప్రతిసారీ బిగించే పని ఉండదు. చీలిక ఉన్న ఫిన్స్‌తో కప్ప కాళ్ల ఈత, వెనక్కి ఈదడం సరిగా రావు. ఇసుక రేపకుండా ఉండాలంటే కప్ప కాళ్ల ఈత కావాలి, కాబట్టి చీలిక లేనివే.

రెగ్యులేటర్‌లో మొదటగా చూడాల్సింది దాన్ని ఎవరు సర్వీస్ చేస్తారన్నదే. సంవత్సరానికోసారో, తయారీదారు చెప్పినన్ని డైవ్‌లకోసారో విప్పించాలి, దాని విడిభాగాలు అందుబాటులో ఉండాలి. ఫస్ట్ స్టేజ్ (సిలిండర్ వాల్వ్‌కి బిగించే భాగం) బ్యాలెన్స్‌డ్ రకం తీసుకోండి. సిలిండర్ 50 బార్‌కి వచ్చినా పీల్చడం బరువెక్కదు. నీళ్లు 10 డిగ్రీల కంటే చల్లగా ఉండే చోట దిగే ఆలోచన ఉంటే చలినీళ్లకి తగినదిగా ధ్రువీకరించినదే కావాలి, లేకపోతే లోపల మంచు కట్టి గాలి ధారగా పోతుంది. బిగింపు రెండు రకాలు: యోక్ (వాల్వ్ చుట్టూ పట్టి బిగించేది) 232 బార్ వరకే, డిన్ (వాల్వ్‌లోకి మర తిప్పి బిగించేది) 300 బార్ రకంలో కూడా దొరుకుతుంది, పైగా ఓ-రింగు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) లోపల బిగుసుకుని ఉంటుంది కాబట్టి జారదు. నేనైతే డిన్ తీసుకుని, యోక్ అడాప్టర్ సంచిలో పెట్టుకోమంటాను.

కంప్యూటర్‌కి నేను పెట్టే షరతులు రెండే: అంకెలు మసక వెలుతురులో చదవగలగాలి, బ్యాటరీ మీరే మార్చుకోగలగాలి లేదా ఛార్జ్ చేసుకోగలగాలి. సిలిండర్ ఒత్తిడిని వైర్‌లెస్‌గా చూపే సదుపాయం బాగుంటుంది, కానీ గొట్టానికి ఉండే ఒత్తిడి గేజ్ తీసేయకండి.

అల్చిప్ప

చాలా థ్యాంక్సండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రెండు సందేహాలు. ఒకటి, సీసం సరిచేశాక కూడా కాళ్లు మునిగితే ఏం చేయాలి? రెండోది, స్టీల్ బ్యాక్‌ప్లేట్ తీసుకుంటే దాని బరువుని సీసంలో నుంచి ఎంత తీసేయాలి? సూట్ మార్చినప్పుడల్లా ఇదంతా మొదటి నుంచి చేయాలా?

తాబేలు

ప్లేట్ లెక్క సులువు. స్టీల్ నీళ్ల కంటే దాదాపు 8 రెట్లు చిక్కన, కాబట్టి నీళ్లలో తన బరువులో ఎనిమిదో వంతు పోగొట్టుకుంటుంది. గాల్లో 2.5 కిలోలు తూగే ప్లేట్ నీళ్లలో దాదాపు 2.2 కిలోలు. దాన్ని సీసంలో నుంచి తీసేయండి. దానికి తోడు మీ జాకెట్ మెత్తలు ఎంత తేలుతున్నాయో కూడా తీసేయాలి. అది ఇలా కొలవచ్చు: జాకెట్‌ని తొట్టిలో ముంచి, నలిపి గాలి బుడగలన్నీ పోగొట్టి, మునిగేదాకా చిన్న సీసం దిమ్మలు ఒక్కొక్కటే తగిలించండి. మునగడానికి ఎంత పట్టిందో అదే దాని తేలుడు. సూట్‌ని కూడా వల సంచిలో చుట్టి ఇలాగే కొలవచ్చు. కొత్త సూట్, పాత సూట్ పక్కపక్కన కొలిస్తే మొత్తం మొదటి నుంచి చేయనక్కర్లేదు, తేడా ఒక్కటి తెలిస్తే చాలు. వాడిన కొద్దీ నియోప్రీన్ లోపలి బుడగలు చితికి సూట్ తేలుడు తగ్గుతుంది, కాబట్టి అదే సూట్‌ని కూడా అప్పుడప్పుడు కొలవాలి.

ఒక్క జాగ్రత్త. ప్లేటు తీసి పారేయడానికి కుదరని బరువు. మొత్తం బరువు దానిలోనే పెట్టేయకుండా, కొంత బెల్టులోనో, లాగితే ఊడే జేబుల్లోనో ఉంచండి. నిండు సిలిండర్‌తో, ఖాళీ బీసీడీతో మీరు ఈదుకుంటూ పైకి రాగలరో లేదో ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా తక్కువ లోతులో ఒకసారి చూసుకోండి.

పగడం

కాళ్ల సంగతి. ముందు నిజంగా మునుగుతున్నాయా, మీరు కాళ్లు వేలాడేసి ఈదుతున్నారా అన్నది తేల్చుకోవాలి. అడుగుకి మీటరు పైన బోర్లా సమంగా ఉండి, మోకాళ్లు 90 డిగ్రీలు మడిచి, ఫిన్స్ పైకి పెట్టి, చేతులు ముందుకి చాపి కదలకుండా పది లెక్కపెట్టండి. బడ్డీని పక్క నుంచి చూడమనండి, వీడియో తీస్తే ఇంకా మంచిది. మెల్లగా కాళ్లు కిందికి తిరిగితే బరువు కాళ్ల వైపు ఎక్కువున్నట్టు. తిరక్కుండా అలాగే సమంగా కిందికి పోతే ట్రిమ్ (తల, కాళ్ల మధ్య సమతూకం) బాగానే ఉంది, బీసీడీలో గాలి చాలలేదు అంతే.

తిరిగితే, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మొదట సిలిండర్‌ని రెండు మూడు సెంటీమీటర్లు తల వైపు జరపండి (తల వెనక్కి వంచినప్పుడు వాల్వ్‌కి కొట్టుకోకూడదు). చాలకపోతే బెల్టు నుంచి కిలో తీసి సిలిండర్ పట్టీ మీది చిన్న జేబులోకి, అంటే భుజాల దగ్గరికి మార్చండి. ఇవి చేయకముందే కొత్త ఫిన్స్ అంటూ పోకండి. కాళ్లు చాపితే వాటి బరువు దూరంగా పడి ఎక్కువ లాగుతుంది, మడిస్తే దగ్గరికొచ్చి తగ్గుతుంది. సగం మందికి ఈ ఒక్క మడతతోనే సరిపోతుంది. చూపు ముందుకి ఉండాలి. కిందికి చూస్తూ ఈదితే భుజాలు ముడుచుకుని నడుము వంగి మళ్లీ కాళ్లు దిగుతాయి.

కాళ్లు వేలాడేసి ఈదితే మీకు తెలియని మోసం ఒకటి జరుగుతుంది. ఫిన్స్ తోపులో కొంత ఎప్పుడూ పైకే పోతుంది, అది మిమ్మల్ని నిలబెడుతుంటుంది. బాయన్సీ (తేలుడు అదుపు) బాగుందనుకుంటారు. ఈదడం ఆపి రెండు ఊపిర్లు చూడండి, అడుక్కి పోతే అది బాయన్సీ కాదు, కాళ్ల కష్టం. మీ గాలి తొందరగా అయిపోవడానికి ఇదే పెద్ద కారణం అయ్యుంటుంది.

సాధన మూడు నాలుగు మీటర్ల లోతులోనే చేయండి. లోతుకన్నా అక్కడే కష్టం, ఎందుకంటే నీటి మట్టం నుంచి 10 మీటర్ల వరకే ఒత్తిడి రెట్టింపవుతుంది. అదే 20 నుంచి 30కి వెళ్తే పెరిగేది మూడో వంతే. తాడు మీద ఒక ముడిని కళ్లకెదురుగా పెట్టుకుని, బీసీడీ ముట్టకుండా ఊపిరితోనే అక్కడ ఉండండి. నాలుగైదు సెకన్లు పీల్చి, ఆరేడు సెకన్లు వదలండి. ఊపిరి మధ్య స్థాయిలో తిరగాలి, పైకి లేస్తే కొంచెం ఎక్కువ వదలండి, దిగితే కొంచెం ఎక్కువ పీల్చండి. ఎక్కడా బిగబట్టకండి. గాలి ఆదా కోసం ఊపిరి ఆపి ఆపి తీసుకుంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తలనొప్పి వస్తుంది. మొదట అర మీటరు పైకి, కిందికి ఊగినా ఫర్వాలేదు, అది 20 సెంటీమీటర్లకి వచ్చాక తర్వాతిది మొదలుపెట్టండి.

తర్వాతిది మాస్క్‌లో సగం నీళ్లు నింపి, అదే ముడి దగ్గర ఉంటూ ఖాళీ చేయడం. ముక్కుతో వదలబోయే ముందు అందరూ గట్టిగా పీలుస్తారు, అక్కడే పైకి లేస్తారు. మామూలు ఊపిరితో రెండు విడతల్లో ఖాళీ చేయండి. అది కుదిరాక రెగ్యులేటర్ తీసి పెట్టుకోవడం, అది నోటి బయట ఉన్నంతసేపూ సన్నగా బుడగలు వదులుతూనే. ఆఖరున 5 మీటర్ల నుంచి పైకి రావడం, మీటరుకోసారి ఆగుతూ. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా అంటారు కదా, చివరి 5 మీటర్లకి అంతకంటే నెమ్మదిగా రండి.

శంఖం

ఒక భద్రత విషయం మిగిలిపోయింది. ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుపోతే బీసీడీ తనంతట తాను నిండుతుంది. ఉప్పు గడ్డకట్టడం, ఇసుక రేణువు, సర్వీస్ లేకపోవడం, ఏదైనా కావచ్చు. చేయాల్సింది: ఒక చేత్తో వెనక డంప్ లేదా భుజం డంప్ లాగి పట్టుకోవాలి, రెండో చేత్తో ఇన్‌ఫ్లేటర్‌కి వచ్చే లో-ప్రెషర్ గొట్టం కాలర్ వెనక్కి లాగి ఊడదీయాలి. ఒత్తిడి ఉన్నప్పుడు ఆ కాలర్ బిగుతుగా ఉంటుంది, గ్లౌజులతో ఇంకా కష్టం. ఒడ్డున సిలిండర్ తెరిచి పెట్టి చేత్తో ఊడదీసి, తగిలించి అలవాటు చేసుకోండి. ఊడదీశాక నోటితో ఊది బీసీడీ నింపడం కూడా.

ప్రతి డైవ్ తర్వాత బీసీడీ లోపలికి కూడా మంచినీళ్లు పోయండి. గొట్టం బటన్ నొక్కి కొంచెం నీళ్లు పోసి, గాలి ఊది, అటూ ఇటూ తిప్పి, తలకిందులు చేసి గొట్టం నుంచి వదలండి. ఉప్పు స్ఫటికాలు లోపల మిగిలితే డంప్ వాల్వ్ సీటు మీద కూర్చుని సన్నని లీకు మొదలవుతుంది. కొనేటప్పుడు, దిగే ముందు చేసే పరీక్ష ఒకటే: అధిక పీడన వాల్వ్ నుంచి గాలి వచ్చేదాకా నింపి, అరగంట వదిలేసి చూడండి. మెత్తబడితే తొట్టిలో ముంచండి, బుడగ వచ్చే చోటు కనిపిస్తుంది.

సిలిండర్ వాల్వ్ తెరిచాక కూడా ఒక పని: గేజ్ చూస్తూ రెగ్యులేటర్ నుంచి మూడు నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కదలకుండా ఉండాలి. పీల్చినప్పుడల్లా కిందికి పడి మళ్లీ లేస్తుంటే వాల్వ్ సగమే తెరుచుకుంది. దిగాక, ఎక్కువ గాలి అవసరమైన లోతులో అది బయటపడుతుంది, కాబట్టి పైనే చూసుకోండి.

అల్చిప్ప

సరేనండి, మొదట 8 కిలోలకి తగ్గించి 5 మీటర్ల దగ్గర చూస్తాను. అద్దె చోట 2 కిలోల దిమ్మలే ఉంటాయి, అర కిలో దొరకడం కష్టం.

తాబేలు

అయితే మీరు మొట్టమొదట కొనాల్సింది అవే: రెండు అర కిలో దిమ్మలు, ఒక కిలో దిమ్మ, బెల్టు మీద జరక్కుండా పట్టి ఉంచే క్లిప్పులు నాలుగు. వాళ్లిచ్చే 2 కిలోల దిమ్మలతో కలిపితే ఎన్ని కిలోలైనా అర కిలో తేడాతో సర్దుకోవచ్చు. సరిపోయిన సంఖ్యని సూట్ మందం, సిలిండర్ రకం, ఉప్పునీళ్లా మంచినీళ్లా, బీసీడీ ఏది అన్నవాటితో కలిపి డైవ్ లాగ్ పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఆ నాలుగింటిలో ఏదైనా మారితే మళ్లీ కొలవండి.